డోర్‌మ్యాట్ అన్న ఒక్క మాటకి నాలుగు రోజులు నిద్రపట్టలేదంటే

మీరు రాసింది రెండు మూడు సార్లు చదివా. పదకొండేళ్ళ పెళ్ళి, చెప్పుకోదగ్గ గొడవల్లేవు, చుట్టాలందరూ కూర్చుని ఉండగా మీ పిన్నిగారమ్మాయి "మా అక్క అయితే బావకి డోర్‌మ్యాటే" అని నవ్వేసింది, అందరూ నవ్వారు, మీ ఆయన నవ్వారు, మీరు కూడా నవ్వారు, తర్వాత నాలుగు రోజులు నిద్ర లేదు. అడిగింది రెండు ముక్కలు. నాలాంటి ఆడవాళ్ళని అసలు ఏమంటారు, నేను నిజంగా అదేనా అని.

నేను ఫ్యామిలీ కౌన్సెలింగ్‌లో ఇరవై రెండేళ్ళ నుంచీ ఉన్నానమ్మా. దానికి ముందు ఓ తొమ్మిదేళ్ళు ఇంచుమించు మీరున్న చోటే ఉన్నా, ఆ సంగతి కూడా వస్తుంది. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ నిద్రపట్టకపోవడం గురించి. మనకో సామెత ఉంది కదా, మొగుడు కొట్టినందుకు కాదు తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట అని. దాన్ని అందరూ ఆడవాళ్ళ మీద జోకులాగే వాడతారు, చూశారా దీనికి దెబ్బ కంటే పరువే ఎక్కువ అన్నట్టు. నాకైతే ఆ సామెత పుట్టించిన మనిషికి కాపురం గురించి చాలా తెలుసు అనిపిస్తుంది. ఇంట్లో జరిగేది మనం ఎంతైనా మింగగలం, ఎందుకంటే దానికి మనమే ఓ కథ అల్లుకుంటాం, ఆయనకి పని ఒత్తిడి ఎక్కువ, నాకు ఓర్పు ఎక్కువ, చిన్న చిన్నవి పట్టించుకుంటే సంసారాలు సాగుతాయా, ఇలాగ. బయటి మనిషి నవ్విందంటే ఆ కథ ఆవిడ నమ్మట్లేదని మనకి తెలిసిపోతుంది. మీ చెల్లెలి మాట శుద్ధ అబద్ధమైతే ఇంటికెళ్ళే దార్లోనే మర్చిపోయేవాళ్ళు, పూర్తి నిజమైతే అంత ఆశ్చర్యపోయేవాళ్ళు కాదు. నిజం ఎక్కడో కొంచెం తగిలింది, కానీ పేరు మాత్రం తప్పు, అందుకే గుచ్చుకుంది. నేను చెప్పాలనుకున్నది మొత్తం దీని చుట్టూనే.

పేర్లకేం తక్కువ చెప్పండి. నోట్లో నాలుక లేని మనిషి అంటారు, గంగిరెద్దు అంటారు, తలాడించే బొమ్మ అంటారు, మొగుడు గీసిన గీత దాటదు అంటారు, కాలికింద చెప్పులా పడుంటుంది అంటారు. పతివ్రత అన్న మాట చూడండి, మామూలుగా పలికితే పొగడ్త, అదే "అబ్బో, మహా పతివ్రతండీ" అని కాస్త సాగదీస్తే తిట్టు. ఒకే మాట, సాగదీతలోనే ఉంది అంతా. అంటే ఏ గుణాన్నైతే చిన్నప్పట్నుంచీ నేర్పించి, నేర్చుకున్నాక మెచ్చుకుంటారో, అది అలవాటయ్యాక దానికే వెక్కిరిస్తారన్నమాట. పోనీ అటు వద్దని కొంచెం గొంతు లేపితే గయ్యాళి, మొగుణ్ణి కొంగున కట్టేసుకుంది, ఆయనేమో పెళ్ళాం చాటు మొగుడు. ఈ రెంటికీ మధ్యలో ఉండే మామూలు మనిషికి, అంటే కొన్ని ఒప్పుకుని కొన్ని ఒప్పుకోని ఆడమనిషికి, నాకు తెలిసి భాషలో పేరే లేదు. ఇంగ్లిష్‌లోనూ అంతే. అమెరికాలో లూసీ స్టోన్ అనే ఆవిడ 1855లో పెళ్ళి చేసుకుని తన ఇంటిపేరు మార్చుకోలేదు, ఆ తర్వాత అలా మార్చుకోని ఆడవాళ్ళందర్నీ లూసీ స్టోనర్ అనడం మొదలైంది. తగ్గినా పేరు పెడతారు, తగ్గకపోయినా పెడతారు.

ఇంకో సంగతి. డోర్‌మ్యాట్ అన్న మాటలో కాళ్ళు తుడుచుకునేవాళ్ళ ఊసే లేదు. తప్పంతా మ్యాట్‌దే, అది అక్కడ పడుండబట్టే కదా అన్నట్టు. స్టెప్‌ఫర్డ్ వైఫ్ అని ఇంకో మాట నెట్‌లో చూసుంటారు, మొగుడు చెప్పినదానికల్లా నవ్వుతూ తలూపే భార్యని అలా అంటారు. అది 1972లో ఐరా లెవిన్ రాసిన నవల్లోంచి వచ్చింది, స్టెప్‌ఫర్డ్ అనేది అందులో ఊరి పేరు. కథలో ఆ భార్యలు లొంగిపోయినవాళ్ళు కాదు, వాళ్ళకి అభిప్రాయాలున్నాయి, ఇష్టాలున్నాయి, ఆ ఊరి మగవాళ్ళంతా కలిసి వాళ్ళ స్థానంలో అచ్చం వాళ్ళలాగే ఉండే మరమనుషుల్ని పెట్టేస్తారు. అంటే అక్కడ నేరం చేసింది మొగుళ్ళు, పోయింది పెళ్ళాలు, కానీ యాభై ఏళ్ళ తర్వాత తిట్టుగా మిగిలింది మాత్రం భార్యల పేరు. స్టెప్‌ఫర్డ్ మొగుడు అని ఎవరైనా ఎవర్నైనా తిట్టగా విన్నారా మీరు? నేనైతే వినలేదు.

మనవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా. కార్యేషు దాసీ, కరణేషు మంత్రీ అని మొదలయ్యే శ్లోకం మీకూ వచ్చే ఉంటుంది. పనిలో దాసి, సలహాలో మంత్రి, రూపంలో లక్ష్మి, ఓర్పులో భూమి, అన్నం పెట్టేటప్పుడు తల్లి, పడకలో రంభ. ఆరు ఉద్యోగాలు. ఆ ఆరింట్లో ఒక్కటైనా ఆవిడ కోసం ఉందేమో వెతకండి. అలసిపోతే ఏం చెయ్యాలి, కోపమొస్తే ఎటు పోవాలి, ఖాళీ దొరికితే ఏం ఇష్టం, ఏమీ లేదు. నేనేదో శ్లోకాన్ని తిట్టడానికి చెప్పట్లేదు, ఆ ఆరూ చక్కగా చేస్తున్న మనిషిని ఆపి "మరి నువ్వెవరు" అంటే ఆవిడ తెల్లమొహం వెయ్యడంలో వింతేముంది అంటున్నా అంతే.

ఒకసారి ఓ జంట వచ్చారు, వివరాలు మార్చి చెప్తున్నా. ఆవిడ సరిగ్గా ఫ్యాన్ కింద కూర్చుంది, చలికాలం. ఫ్యాన్ తగ్గించనా అమ్మా, చలేస్తోందా అని నేనే అడిగా. ఆవిడ నా వైపు చూడలేదు, తల తిప్పి ఆయన మొహంలోకి చూసింది. ఆయన "తనకంత చలి ఉండదులెండి" అన్నాడు, మర్యాదగానే, నవ్వుతూనే. ఆవిడ కూడా "అవునండీ, పర్లేదు" అంది. అన్నంతసేపూ రెండు చేతులూ చంకల్లో పెట్టుకునే ఉంది. నేను ఆ తర్వాత గంట సేపు వాళ్ళతో ఏం మాట్లాడానో పెద్దగా గుర్తులేదు, ఆ చేతులు మాత్రం ఇంకా గుర్తున్నాయి. ఒళ్ళు చలి అంటోంది, నోరు లేదంటోంది, ఆవిడ నమ్మింది నోటిని.

చాన్నాళ్ళకి వర్జీనియా వుల్ఫ్ 1931లో ఇచ్చిన ఓ ప్రసంగం చదువుతుంటే ఉలిక్కిపడ్డా. అంతకు ముందు శతాబ్దంలో, 1854లో, కవెంట్రీ ప్యాట్‌మోర్ అనే కవి ఆదర్శ భార్య మీద ఓ పెద్ద కావ్యం మొదలుపెట్టాడు, ఇంట్లో దేవత అన్న అర్థమొచ్చే పేరుతో, అక్కణ్ణుంచి ఇంగ్లండులో అలాంటి ఇల్లాలికి అదే పేరు స్థిరపడిపోయింది. వుల్ఫ్ ఆ దేవతని వర్ణిస్తూ చెప్పినవాటిలో ఒకటి ఏంటంటే, గదిలో ఎక్కడైనా చలిగాలి కొడుతుంటే ఆవిడ వెళ్ళి సరిగ్గా ఆ గాలికే కూర్చునేదట. తాను రాయడానికి కూర్చున్నప్పుడల్లా ఆ దేవత వెనకాల నిలబడి మెత్తగా ఉండు, మెప్పించు, నీకంటూ ఓ బుర్ర ఉందని ఎవరికీ తెలియనివ్వకు అని చెవిలో ఊదేదని, చివరికి సిరాబుడ్డి తీసి దాని మీద విసిరానని అంటుంది. తొంభై ఏళ్ళ నాటి మాట, ఆ దేశం వేరు, ఆ ఇళ్ళు వేరు, కానీ గాలికి కూర్చునే మనిషి మాత్రం ఒకటే.

మరీ వెనక్కి వెళ్తే ఇది మనసుకి సంబంధించిన విషయమే కాదు, చట్టమే అలా ఉండేది. విలియం బ్లాక్‌స్టోన్ అని ఇంగ్లండులో పెద్ద న్యాయపండితుడు 1765లో రాశాడు, పెళ్ళితో మొగుడూ పెళ్ళాం చట్టం దృష్టిలో ఒకే మనిషి అయిపోతారు, పెళ్ళి ఉన్నన్నాళ్ళూ ఆడమనిషి ఉనికి చట్టపరంగా ఆగిపోతుంది అని. ఆ ఒకే మనిషి ఎవరో వేరే చెప్పాలా. ఆవిడ సంపాదన ఆయనది, ఆవిడ సంతకం చెల్లదు. 1882లో గానీ అక్కడ పెళ్ళయిన ఆడవాళ్ళకి తమ ఆస్తి మీద పూర్తి హక్కు రాలేదు. ఫ్రాన్స్‌లో అయితే మొగుడి ఒప్పుదల లేకుండా ఉద్యోగంలో చేరడానికి, తన పేరు మీద బ్యాంక్ ఖాతా తెరవడానికి పెళ్ళయినావిడకి 1965 దాకా ఆగాల్సొచ్చింది, అంటే ఇది మన అమ్మల కాలం, తాతల కాలం కూడా కాదు. కాగితం మీద అది పోయింది. అలవాట్లలోంచి అంత తొందరగా ఎందుకు పోతుంది.

ఇప్పుడు నా సంగతి. నేను చిన్నప్పుడు ఈల బాగా వేసేదాన్ని. పాట మొత్తం ఈలతో వేసేదాన్ని, కాలేజీలో నా పేరు కంటే ఈల పిల్ల అంటేనే ఎక్కువమందికి తెలిసేది. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి ఓ పాత ఫ్రెండ్ ఎక్కడో నా నంబర్ పట్టుకుని ఫోన్ చేసి, పిల్లలూ అదీ ఇదీ అయ్యాక, "ఏవే, ఇంకా ఈల వేస్తున్నావా" అంది. నేను నవ్వి, పెట్టేసి, బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకుని వేసి చూశా. ఉత్త గాలి. పెదాలకి ఆ ఆకారమే రాలేదు. ఎప్పుడు మానేశానా అని ఎంత ఆలోచించినా తేలలేదు, ఎవరూ వద్దనలేదు, ఎవరూ కొట్టలేదు, కొత్తల్లో ఒకసారి ఏదో పని చేసుకుంటూ వేస్తుంటే మా ఆయన పేపర్లోంచి తలెత్తి చూశారు, అంతే, ఆ చూపు కూడా విసుగో ఆశ్చర్యమో నాకు తెలీదు. నేనే ఆపేశా. ఆ రాత్రి ఆయనకి చెప్తే "నువ్వు ఈల వేస్తావా?" అన్నారు. తొమ్మిదేళ్ళు ఒకే ఇంట్లో ఉన్న మనిషికి తెలీదు. ఆయన మీద కోపం రాలేదు, భయమేసింది, ఇలా అడగకుండానే తీసి పక్కన పెట్టేసినవి ఇంకెన్నున్నాయో అని.

అందుకే మిమ్మల్ని మీరు ఎప్పుడు పోగొట్టుకున్నారని అడిగితే మీరు తేదీ చెప్పలేరు. ఉద్యోగం మానేసిన రోజు కాదు, ఇల్లు మారిన రోజు కాదు. ఒక్కో చూపుకి ఒక్కోటి తీసి లోపల పెట్టేస్తాం. ముందు పెద్ద విషయాల్లో ఊరుకుంటాం, గొడవెందుకని. తర్వాత చిన్నవాట్లో, ఇంత చిన్నదానికి గొడవెందుకని. ఆ తర్వాత అసలు అభిప్రాయం రావడమే మానేస్తుంది, ఎలాగూ చెప్పేది లేదు కదా, లోపల తయారవడం దండగని మనసుకి కూడా తెలుసు. ఈ ఆఖరి దశే ప్రమాదం, ఎందుకంటే ఇక్కడికొచ్చాక నొప్పి ఉండదు. "నాకేదైనా ఓకే అండీ" అన్నప్పుడు అది నిజమే అనిపిస్తుంది, అబద్ధం చెప్తున్నట్టు కూడా ఉండదు.

దీని మీద పని చేసినవాళ్ళు ఉన్నారు. డానా జాక్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ డిప్రెషన్‌లో ఉన్న ఆడవాళ్ళతో మాట్లాడి, వాళ్ళు తమ గురించి చెప్పుకునే తీరు విని 1991లో ఓ పుస్తకం రాసింది, ఆ మరుసటేడు ఇంకొకావిడతో కలిసి 31 వాక్యాల ప్రశ్నావళి ఒకటి తయారుచేసింది, ఇప్పటికీ వాడతారు. ఆవిడ దీన్ని తనని తాను నోరు నొక్కేసుకోవడం అంటుంది. నాకు నచ్చింది ఏంటంటే, ఆవిడ దీన్ని ఒక రకం ఆడమనిషికి పెట్టిన పేరుగా చూడలేదు, ఒక సంబంధం నిలబడాలని మనిషి చేసే పనిగా చూసింది. అందులో నాలుగు ముక్కలుంటాయి: తనని తాను ఎదుటివాళ్ళ కళ్ళతో చూసుకుని మార్కులేసుకోవడం, ప్రేమంటే నాది వదులుకోవడమే అనుకోవడం, గొడవ వస్తుందేమోనని మాట మింగడం, పైకి ఒకటి లోపల ఒకటిగా చీలిపోయి బతకడం. ఈ నాలుగోది మీరు రాసినదాంట్లోనే ఉంది, "నేనూ నవ్వాను" అన్న దగ్గర.

ముర్రే బోవెన్ అని ఇంకో సైకియాట్రిస్ట్, కుటుంబాల మీదే బతుకంతా పనిచేశాడు, ఆయన మాట ఇంకా మొహాన కొట్టినట్టుంటుంది. ఇద్దరు మరీ కలిసిపోయినప్పుడు ఒకరిలోని "నేను" కరిగి ఇంకొకరికి అరువు పోతుందంటాడు. అంటే ఒకరు అన్నిటికీ సర్దుకుంటూ చిక్కిపోతుంటే ఇంకొకరు అదే లెక్కలో గట్టిగా, ధీమాగా, అన్నీ తెలిసినవాళ్ళలా కనిపిస్తారు. ఆ ధీమా అంతా సొంతం కాదు, సగం ఈవిడదే. చాలా ఇళ్ళల్లో చూశా ఇది, ఆవిడ నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉంటే ఆ గట్టి మనిషి కాస్తా తన మందులు ఎక్కడున్నాయో తెలీక కూలబడతాడు. ఇది తిరగబడి కూడా ఉంటుంది, మొగుడు కరిగిపోయిన ఇళ్ళు కూడా నా దగ్గరికొచ్చాయి, కాకపోతే ఆయన బాధ బయటికి చెప్తే జోకైపోతుందని ఇంకా ఆలస్యంగా వస్తారు.

ఇక రెండో ప్రశ్న, మీరు అదేనా. దీనికి నేను పేరుతో జవాబివ్వను, ఒక్కటే అడుగుతా. మీరు ఎన్నిసార్లు తగ్గుతారన్నది నాకు అక్కర్లేదు, ఎప్పుడైనా తగ్గనప్పుడు ఏమవుతుంది?

ఎందుకంటే బయటి నుంచి చూస్తే రెండు రకాల ఇళ్ళు ఒకేలా ఉంటాయి. ఒకావిడ ఉంటుంది, ఇల్లే చూసుకుంటుంది, డబ్బు లెక్కలు ఆయనకి వదిలేస్తుంది, ఆయన మాటకి పెద్దగా అడ్డు చెప్పదు, ఇష్టంగానే. ఇలా పాతకాలం ఇల్లాలిలా ఉంటానని ఎంచుకున్నవాళ్ళని ఈమధ్య ట్రాడ్‌వైఫ్ అని ఆన్‌లైన్లో ఒకళ్ళు పొగడటం ఒకళ్ళు తిట్టడం, ఆ గోల నాకొద్దు. ఆవిడ రేపు మనసు మార్చుకుని "నేను ఉద్యోగం చూసుకుంటా" అంటే ఓ వారం వాదించుకుంటారు, తర్వాత ఏదో ఒకటి తేలుతుంది, లోకం తలకిందులవదు. అలాంటావిడని ఎవరు ఏమన్నా నేనైతే ఒప్పుకోను, అది ఆవిడ ఎంచుకున్న బతుకు. రెండో ఇంట్లో కూడా ఆవిడ అచ్చం అలాగే ఉంటుంది. కానీ ఆయన వచ్చి తలుపు తాళం తిప్పే చప్పుడుని బట్టే ఆవిడ ఆ సాయంత్రం ఎలా ఉండబోతుందో చెప్పేస్తుంది. మెల్లగా తిరిగిందంటే పర్లేదు, ఒక్క విదిలింపుతో తిరిగిందంటే పిల్లల్ని గదిలోకి పంపేస్తుంది. ఆవిడ ఒకసారి వద్దంటే పది రోజులు మాటలుండవు, లేదా డబ్బు ఆగిపోతుంది, లేదా ఫోన్ ఎవరితో అని ఆరా మొదలవుతుంది. మొదటావిడ ఒదుగుతోంది, రెండో ఆవిడ కాపలా కాస్తోంది. ఇద్దర్నీ చూసి మీ చెల్లెలు అదే పేరు పెడుతుంది, పేర్లతో వచ్చే నష్టం ఇదే.

రెండో రకానికి ఇప్పుడు సరైన పేరుంది, అది భార్య మీద పెట్టిన పేరు కాదు, చేసేవాళ్ళ పని మీద పెట్టింది. కొయెర్సివ్ కంట్రోల్ అంటారు, భయపెట్టి గుప్పిట్లో ఉంచుకోవడం అనుకోండి. ఇవాన్ స్టార్క్ అనే పరిశోధకుడు 2007లో దీని మీద పెద్ద పుస్తకం రాశాడు, ఒక్కో దెబ్బ లెక్కపెడితే ఇది అర్థం కాదు, రోజూ వారీ నియమాలూ నిఘా చూడాలి అని. 2015లో ఇంగ్లండ్, వేల్స్‌లో దీన్ని నేరం చేశారు, అయిదేళ్ళ దాకా జైలు. ఇండియాలో 2005 గృహహింస చట్టం కూడా కొట్టడంతో ఆగలేదు, అవమానించడం, ఎగతాళి చెయ్యడం, పేర్లు పెట్టి పిలవడం మాటల హింస కింద, డబ్బు అందకుండా చెయ్యడం ఆర్థిక హింస కింద రాశారు. చూడండి, పేర్లు పెట్టడం అని చట్టంలోనే ఉంది. మీ చెల్లెలి జోకుకి ఇది వర్తిస్తుందని కాదు బాబూ, ఇంట్లోనే రోజూ మొగుడి నోటమ్మట అలాంటి పేర్లు పడేవాళ్ళు కూడా ఇది చదువుతారని చెప్తున్నా.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. ఈ పనిలోకి వచ్చిన కొత్తల్లో నాకు ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడిస్తే అన్నీ తేలిపోతాయని గట్టి నమ్మకం. అలా ఒకావిడని నేనే బతిమాలి, భయపడకు అని, అన్నీ చెప్పించా. ఆవిడ చెప్పింది. ఆయన విన్నాడు, తలూపాడు, థాంక్స్ చెప్పి మరీ వెళ్ళాడు. ఆ వారం ఇంట్లో ఆవిడకి ఏమైందో నాకు రెండు నెలల తర్వాత తెలిసింది. అప్పట్నుంచీ ముందు విడివిడిగా మాట్లాడతా, భయం వాసన తగిలితే ఇద్దర్నీ కలిపి కూర్చోబెట్టను. కాబట్టి మీరు చదువుతూ ఆ తాళం చప్పుడు దగ్గర ఆగిపోయి ఉంటే, కింద రాసిన చిన్న చిన్న ప్రయోగాలేవీ మీకు కాదు. ముందు నమ్మకమైన ఒక్క మనిషికి చెప్పండి, ఆయన చూడని ఫోన్ నుంచి మహిళా హెల్ప్‌లైన్‌కి మాట్లాడండి, కాగితాలు, కొంచెం డబ్బు అందుబాటులో ఉంచుకోండి. ఎదురు తిరగడం తర్వాత.

మీ ఉత్తరంలో నాకు ఆ భయం కనపళ్ళేదు. అలవాటు కనపడింది, చాలా అలసట కనపడింది. అలా అయితే నేను చెప్పేవి వినండి.

పెద్ద విషయంతో మొదలెట్టకండి. పదకొండేళ్ళు మాట్లాడని మనిషి ఒక్కసారి లేచి ఇల్లు ఎక్కడ కొనాలో చెప్తే అవతలివాళ్ళకే కాదు మీకే కాళ్ళు వణుకుతాయి. ఏ నష్టమూ లేని చోట మొదలుపెట్టండి, ఫ్యాన్ స్పీడు, టీవీలో ఛానెల్, పడుకునేటప్పుడు ఏ పక్క. "నీ ఇష్టం" అని నోట్లోకి వచ్చినప్పుడల్లా ఒక్క క్షణం ఆగి, నా ఇష్టం అంటూ ఏదైనా ఉందా అని చూసుకోండి. మొదట్లో ఏమీ దొరకదు, అది మామూలే, నా దగ్గరికొచ్చినవాళ్ళల్లో ఒకావిడకి మూడు వారాలు ఏమీ దొరకలేదు, నాలుగో వారం ఫోన్ చేసి "మేడం, నాకు మా హాల్ కర్టెన్లంటే అసహ్యమండీ" అంది, ఏదో లాటరీ తగిలినట్టు. దొరికినా ప్రతిదీ చెప్పక్కర్లేదు, తెలిస్తే చాలు ప్రస్తుతానికి. ఎవరైనా ఏదైనా అడిగితే వెంటనే సరే అనకుండా "ఆలోచించి చెప్తా" అనడం అలవాటు చేసుకోండి, ఆఖరికి సరే అన్నా పర్లేదు, ఆ మధ్యలో ఉన్న సాయంత్రం మీదవుతుంది. మీ పేరు మీద ఓ ఖాతా, దాని పిన్ మీకే తెలిసేలాగ. పెళ్ళికి ముందు మిమ్మల్ని ఎరిగిన ఒక్క ఫ్రెండ్‌కి ఫోన్, మీలో ఏం పోయిందో మీకంటే వాళ్ళకే ముందు కనపడుతుంది.

ఇంట్లో కొంచెం తేడా వస్తుంది, రాకుండా ఉండదు. బోవెన్ దీన్ని కూడా చెప్పాడు, ఒకరు మారడం మొదలుపెడితే ఇంట్లోవాళ్ళు ముందు నువ్వు చేసేది తప్పంటారు, తర్వాత మళ్ళీ మామూలుగా అయిపో అంటారు, అయినా వినకపోతే అప్పుడు చూడు ఏమవుతుందో అంటారు. నీకేమైంది ఈమధ్య, ఎవరు నేర్పిస్తున్నారు నీకిదంతా, ఇలాంటివన్నీ వస్తాయి. దాన్ని చూసి ఆయన చెడ్డవాడని అనుకోనక్కర్లేదు, ఇంట్లో ఓ గోడ కొంచెం జరిగితే అలవాటు ప్రకారం నడిచేవాళ్ళకి గుద్దుకుంటుంది అంతే. వారం రెండు వారాలు గొణుక్కుని సర్దుకుంటే మంచి లక్షణం. రోజురోజుకీ ముదురుతుంటే అప్పుడు నేను పైన రాసిన రెండో ఇల్లు గుర్తుతెచ్చుకోండి. మెత్తని వాళ్ళని చూస్తే మొత్తబుద్ధి అంటారు కానీ నా అనుభవంలో అందరికీ మొత్తబుద్ధి ఉండదు, చాలామందికి వాళ్ళు మొత్తుతున్నారని కూడా తెలీదు. తెలిశాక ఏం చేస్తారన్నదే చూడాల్సింది.

అందుకని మీ ఆయన నవ్వారన్న దాన్ని పట్టుకుని నేను ఏ తీర్పూ ఇవ్వను. అందరూ నవ్వుతుంటే నవ్వేశారేమో, ఆ మాట ఆయనకీ తగిలి కప్పిపుచ్చుకోవడానికి నవ్వారేమో, నిజంగానే నచ్చి నవ్వారేమో. మీరు కూడా నవ్వారు కదా, మీ నవ్వుకి అర్థమేంటో ఆయనకి మాత్రం ఎలా తెలుస్తుంది. ఇద్దరే ఉన్నప్పుడు, పిల్లలు పడుకున్నాక, గొంతు పెంచకుండా ఒక్కటే చెప్పండి: "ఆ రోజు అది డోర్‌మ్యాట్ అన్నప్పుడు మీరూ నవ్వారు, నాకు కష్టమనిపించింది." అక్కడ ఆపెయ్యండి. నేను మరీ ఎక్కువ పట్టించుకుంటున్నానేమో, పోన్లెండి, సారీ, ఇలాంటి తోకలు తగిలించకండి, మనకి ఆ తోకలు అలవాటు, నోట్లోంచి వాటంతటవే వచ్చేస్తాయి, నాలిక కరుచుకుని ఆపాలి. ఆ తర్వాత వచ్చే నిశ్శబ్దాన్ని మీరు నింపకండి. ఆయన "అయ్యో, నాకు తట్టలేదే" అంటారా, "జోక్‌కి కూడా ఏడుస్తావేంటి" అంటారా, లేచి వెళ్ళిపోతారా, నా ఇరవై రెండేళ్ళ అనుభవం కంటే ఆ ఒక్క నిమిషం మీకు ఎక్కువ చెప్తుంది. ఏమన్నారో మళ్ళీ వచ్చి ఇక్కడ రాయండి, దాన్ని బట్టి మిగతాది మాట్లాడుకుందాం.

మీ చెల్లెలి సంగతంటారా, ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు, ఒకవేళ మీ గురించి బాధపడే అలా అందేమో కూడా. కానీ ఆవిడ కూడా మిమ్మల్ని అడక్కుండానే మీరెవరో తేల్చేసింది. మళ్ళీ ఎక్కడైనా అలా అంటే నవ్వకండి, అంతే. దెబ్బకి దెబ్బ జవాబు అక్కర్లేదు. "ఎందుకలా అనిపించింది నీకు, చెప్పు" అని అడగండి, మామూలుగా, నిజంగా తెలుసుకోవాలన్నట్టు. ఆవిడ గానీ నీళ్ళు నమలకుండా ఫలానా రోజు ఫలానా చోట ఇలా చూశానక్కా అని చెప్పగలిగితే మాత్రం, కూర్చుని వినండి.